తెర మూలన కళ్లు

ఉదయం షటరు ఎత్తి, ముందున్న మెట్టు ఊడ్చి, కంప్యూటర్ బటన్ నొక్కిన తర్వాత సదాశివ ఇప్పుడు నింపాదిగా టీకి పోతున్నాడు. అదివరకు టీ గ్లాసు చేతికందేలోపే తెర వెలిగేది. ఇప్పుడు టీ తాగడం ముగించి, ఖాళీ గ్లాసు బండి మీద పెట్టి, చెరకు లారీల వరుస పోయేదాకా ఆగి, రోడ్డు దాటి వచ్చినా తెర ఇంకా బూడిదరంగులోనే ఉంటోంది. దాని ముందు స్టూలు వేసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, దవాఖానలో తన పేరు పిలిచేదాకా కూర్చున్నవాడిలా చూస్తుంటాడు.

అన్నిటికంటే ముందు కుడివైపు పైమూలన రెండు కళ్లు వస్తాయి. మిగతావన్నీ ఆ తర్వాతే.

కోడిగుడ్డు ఆకారంలో రెండు తెల్లటి గుండ్రాలు, వాటిలో నల్లగుడ్లు. తెర మీది బాణం ఎటు పోతే అటు తిరుగుతాయి. అంతకు మించి వాటికి పనిలేదు. వాటిని అతని భార్య శ్యామల పెట్టింది. ఆమె ఎవరిదో పెళ్లికార్డు కూరుస్తుంటే సదాశివ ఆమె కుర్చీ వెనక నిలబడి అచ్చుతప్పులు చూసేవాడు. "ఏ లైను?" అనేవాడు. "గిది," అనేది. "గిది అంటే ఏది?" అనేవాడు. అంత సన్నటి బాణం అతని చూపుకు ఆనేది కాదు. ఒకరోజు ఆమె విసిగిపోయి ఎక్కడినుంచో ఈ కళ్లను పట్టుకొచ్చి మూలన కూర్చోబెట్టింది.

"ఇగ నన్నడుగకు. అవి ఎటు జూస్తే నువ్వటు జూడు," అంది.

కళ్లు వచ్చి కూర్చున్నాక కూడా ఆమె కాసేపు ఏదో టైపు చేస్తూనే ఉంది. ఇంకా ఏం చేస్తున్నావని అడిగితే, "జర దీనికి బుద్ధి చెప్తున్న," అని నవ్వింది. మిషన్‌కు తప్ప తనకు ఎన్నడూ బుద్ధి చెప్పలేదని అతను అన్నాడు. ఫాయిదా లేని పని తాను చెయ్యనని ఆమె అంది.

ఆ గురువారం కళ్లు వచ్చాయి కానీ మిగతావి రాలేదు. బాణాన్ని ఎంత కదిలించినా అది ఒక్కచోటే ఆగి, ఉన్నట్టుండి తెర అవతలికి ఎగిరి దూకుతోంది. కళ్లు కూడా దాన్ని పట్టుకోలేక ఆగి ఆగి తిరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడే మెట్టు మీద చెప్పుల చప్పుడైంది.

"శ్యామల లేదా తమ్మీ?"

వచ్చింది మహాదేవమ్మ. ఝరాసంగం పక్క పల్లె ఆమెది. పెద్దకొడుకు పెళ్లికార్డు ఇక్కడే చేయించుకుంది. తెలుగు ఒకవైపు, కన్నడం ఒకవైపు ఉండాలని పట్టుబట్టి, శ్యామల పక్కన కూర్చుని, హుమ్నాబాద్ చుట్టాల పేర్లన్నీ ఒక్కొక్కటే నోటితో చెప్పి రాయించింది. ఇప్పుడు చంకలో గుడ్డసంచి ఉంది, నుదుటన విభూతి ఉంది.

"లేదక్కా," అన్నాడు సదాశివ. "పోయిన చెరకు కోతలప్పుడే..."

మహాదేవమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూలబడింది. రోడ్డు మీద అల్లం బస్తాల లారీ ఒకటి ఆగి, పోయింది. దాని ఘాటు కాసేపు షాపులో నిలిచింది.

"నాకెవ్వలు చెప్పలే," అంది చివరికి. "మంచి మనిషి. ఒక్కమాట ఎక్కువ అనకపోతుండె."

"కూసో అక్కా. ఏం పనిమీద వచ్చినవ్?"

"మా యారాలు లింగైక్యమైంది. శరణమ్మ." సంచిలోంచి ఒక ఫోటో తీసింది. ఏదో పెళ్లిలో దిగిన గుంపు ఫోటో. పంక్తి చివర ఒక సన్నటి మనిషి సాంబారు బకెట్టు పట్టుకుని ఉంది. సగం భుజం ఫోటో అంచులో తెగిపోయింది. "గీమె. గిదొక్కటే దొరికింది. ఎప్పుడు ఫోటోకు రమ్మన్నా వడ్డించేదుందని పోతుండె."

వచ్చే బుధవారం ఆమె దినానికి శివగణారాధన. పత్రిక కొట్టించాలి. ఆదివారం మధ్యాహ్నం హుమ్నాబాద్ బస్సుకు వాళ్ల ఊరివాళ్లు పోతున్నారు, వాళ్ల చేతికి కట్ట ఇస్తే అవతలి చుట్టాలందరికీ అందుతుంది.

సదాశివ ఒక కాగితం తీసి అలవాటుగా అడిగాడు. "ఆహ్వానించువారు ఎవరక్కా? పెద్దకొడుకు పేరు?"

"లేడు."

"బిడ్డలు?"

"లేరు. పెనిమిటి ఎప్పుడో పోయిండు. అందుకే మా ఇంట్ల మొగోళ్లు ఏమంటున్నరంటే, గామెకు పత్రికెందుకు, ఫోన్లు జేస్తే సాలదా అంటున్నరు. నా కొడుకులే అంటున్నరు. ఆమె చేతి రొట్టె తిని పెరిగినోళ్లే." ఆమె గొంతు పెరగలేదు. ఎవరి మీదో చాడీ చెబుతున్నట్టు కాకుండా, కూర ధర చెబుతున్నట్టే చెప్పింది. "మేమిద్దరం ఒక్క పొయ్యి మీద వండినం, ముసలోళ్లమైందాక. ఆమె పేరు ఒక్కపారన్న అచ్చుల వడాలె. నా పేరు వెట్టు. ఆహ్వానించువారు, యారాలు మహాదేవమ్మ."

"తోడికోడలు అని రాస్తరక్కా కార్డుల్ల."

"నేనామెకు యారాలిని. యారాలు అనే వెట్టు."

అతను రాసుకున్నాడు. మిషన్ వైపు తిరిగి, శ్యామల దాచిన పాత పత్రికల్లోంచి ఒకటి తెరవబోయాడు. చాలాసేపటికి తెలుగు వైపు తెరుచుకుంది. కన్నడం టైపు చేసే కిటికీ తెరుద్దామని నొక్కితే ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాడు. ఆజ్ఞలు టైపు చేసే నల్లటి కిటికీ ఒకటి ముందే తెరిచి ఉంటే, అందులో శ్యామల నేర్పినట్టు కన్నడం కిటికీ పేరు టైపు చేసి పిలిచాడు. ఇంగ్లిషులో ఒక లైను జవాబు వచ్చింది. ఇక కొత్తవాళ్లను రానివ్వలేను, లోపల నిండిపోయారు అని దాని సారాంశం.

సదాశివ ఆ లైనును రెండుసార్లు చదివాడు. ఎవరు నిండిపోయారు? తెరిచి ఉన్నది ఒక్క పత్రిక, ఒక్క నల్ల కిటికీ. అంతే. ఈలోగా ఆ పత్రిక కూడా కొయ్యబారిపోయింది.

"వేరే షాపుల కూడా చేస్తరక్కా. బస్టాండు దగ్గర..." అన్నాడు.

"వోయొచ్చిన. కన్నడ అక్షరాలు లేవన్నరు. శ్యామల దగ్గరున్నయన్నరు." మహాదేవమ్మ లేచింది. షేరింగ్ ఆటో నిండితే మళ్లీ గంట ఆగాలి. "శనివారం వస్త తమ్మీ. జర చూడు. కార్డు గాకుంటే మావోళ్లకు మస్తు ఖుషీ అయితది, చూసినవా మేం చెప్పలేదా అంటరు."

సాయంత్రం షాపు మూసేముందు మిషన్‌ను ఆపబోతే ఎప్పటిలాగే చిన్నపెట్టె ఒకటి వచ్చింది. ఆపాలా, వద్దా అని అడిగి, కింద ఒక గడి చూపిస్తుంది. అందులో టిక్కు పెడితే ఇప్పుడు తెర మీద ఏమేం ఉన్నాయో అన్నీ గుర్తుపెట్టుకుని, మళ్లీ తెరిచినప్పుడు అలాగే ముందు పెడుతుంది. టిక్కు ఉంది. ఉందని తెలిసినా సదాశివ రోజూ బాణాన్ని దాని దగ్గరికి తీసుకుపోయి ఒకసారి చూసుకుంటాడు. కళ్లు కూడా కిందికి, ఆ గడివైపు చూస్తాయి.

ఆ టిక్కు శ్యామల పెట్టింది. అంతకుముందు ఎన్నడూ పెట్టలేదు, రోజూ అన్నీ మూసి శుభ్రంగా ఆపేది. హైదరాబాద్ దవాఖానకు పోవాల్సిన పొద్దున షాపు తెరిపించింది. కోహీర్ వాళ్ల కార్డు సగంలో ఉంది, అది సర్దాలని కూర్చుంది. అతను బ్యాగు పట్టుకుని మెట్టు మీద నిలబడి, బస్సు పోతుందని తొందరపెట్టాడు. ఆమె లేస్తూ ఆ గడిలో నొక్కింది.

"ఇంట్లకెళ్లి పోయేటప్పుడు పోతున్న అంటమా? పోయొస్త అంటం. దీనికి గూడ గట్లనే చెప్పాలె," అంది. "నేనొచ్చేదాక ఏడిదాడనే ఉంచుతది."

కోహీర్ వాళ్ల కార్డు తర్వాత అతనే ముగించి ఇచ్చాడు, తప్పులు లేకుండా. టిక్కు మాత్రం తీయలేదు. రోజూ సాయంత్రం దాన్ని చూసి, ఆపు అని నొక్కి, షటరు దించి తాళం వేసేవాడు. రోజూ పొద్దున కళ్లు వచ్చేవి.

శుక్రవారం సదాశివ తనకు తెలిసిన తంటాలన్నీ పడ్డాడు. డబ్బా మూత విప్పి, పెయింటు కుంచెతో దుమ్ము దులిపాడు. ఫ్యాను రెక్కల మధ్య అల్లం లారీల ఎర్రమట్టి పేరుకుని ఉంది. తెర మీద కిటికీలకు నీడలు పడేలా ఉన్న సోకులన్నీ తీసేశాడు. వెనక ఉన్న ఝరాసంగం చేల ఫోటో తీసి ఉత్త నల్లరంగు పెట్టాడు. శ్యామలే తీసిన ఫోటో అది, జొన్న కంకుల మీద పిట్టలు ఉండేవి. ఇంటర్నెట్ పాత సామానంతా తుడిచాడు. ఆపి, లేపాడు. తెర మళ్లీ బూడిదరంగులో కూర్చుంది. అదే కొయ్యబారడం, అదే జవాబు.

ఇక రితేష్‌కు ఫోను చేశాడు. బస్టాండు సందులో రిపేరు దుకాణం అతనిది. నోరు ఎక్కువ, మనసు మంచిది. వస్తూనే మిషన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"సార్, జహీరాబాద్ల లినక్స్ నడిపేటోడు నువ్వొక్కనివే. మ్యూజియంల పెట్టాలె."

"పెడ్దువుగని. ముందు నడిచేటట్టు చెయ్యి."

రితేష్ మిషన్ ఆపి, జేబులోంచి ర్యామ్ ముక్క ఒకటి తీసి లోపల గుచ్చాడు. మిషన్ లేచింది. జాగా ఎంత ఖాళీ ఉందో చూశాడు. సగం కూడా నిండలేదు. అయినా కొత్త కిటికీ తెరవమంటే అదే మాట, లోపల నిండిపోయారు.

"అరే, ఇల్లంత ఖాళీ, దర్వాజ మాత్రం తియ్యదంట. అత్తగారింటోలె ఉంది," అన్నాడు రితేష్. కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత జోకులు మానేసి, కుర్చీ అంచున కూర్చున్నాడు. "సచ్ బోల్తున్న సార్, ఈ లినక్స్ లోపలి సంగతి నాకు రాదు. అక్క చేసుకున్న ఏర్పాటు అక్కకే తెలుసు. నాకు తెలిసింది ఒక్కటే. ఫార్మాట్ కొడ్త, విండోస్ ఏస్త. కార్డులన్నీ తీసి పక్కకు వెడ్త, ఒక్కటి పోదు. కన్నడ అక్షరాలు గూడ ఎక్కిస్త."

"ఈ కండ్లు?"

"ఏం కండ్లు?"

సదాశివ తెర మూల చూపించాడు. రితేష్ మౌసు కదిలించాడు. కళ్లు ఆగి ఆగి అతన్ని చూశాయి, లేదా బాణాన్ని చూశాయి.

"గివా? గివి దీన్లయే సార్, దీనితోటే పోతయి." అని, సదాశివ ముఖం చూసి గొంతు తగ్గించాడు. "రేపు సాయంత్రం వస్త. నువ్వు వద్దంటే వద్దు."

సదాశివ బెంచీ మీద మహాదేవమ్మ వదిలిపోయిన ఫోటో వైపు చూశాడు. సాంబారు బకెట్టు పట్టుకున్న ఆమె, ఎవరో పిలిస్తే పోబోతున్నట్టు ఒక పక్కకు తిరిగి ఉంది.

"రా," అన్నాడు.

ఇంటికి పోయేముందు టిక్కును చూసుకున్నాడు. ఇదే ఆఖరుది. షటరు దించిన తర్వాత తాళం వేయడానికి వంగి, కాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. పక్కనున్న పండ్ల బండామె చూసి, ఏమైనా పడిపోయిందా సార్ అని ఫోను లైటు పట్టింది. ఏం లేదమ్మా అన్నాడు. ఆ వెలుగులో తాళం సులువుగా పడింది.

శనివారం మహాదేవమ్మ పొద్దున్నే వచ్చింది. సంచిలో జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం ఉన్నాయి. కార్డు అయ్యేదాకా కదలనని చెప్పడానికి అదొక పద్ధతి.

మిషన్ మొరాయిస్తూనే లేచింది. ఒకేసారి ఒక్క పనే చేయించాలని సదాశివ నిశ్చయించుకున్నాడు. నల్ల కిటికీ కూడా తెరవలేదు. ఫోటోను ముందే స్కాన్ చేసి ఉంచాడు కాబట్టి, గుంపులోంచి శరణమ్మను ఒక్కదాన్ని కత్తిరించి, పెద్దది చేసి, పత్రికలో పైన కుడివైపున పెట్టాడు. ఒక్కొక్క కదలికకు మిషన్ చాలాసేపు తీసుకుంటోంది. శరణమ్మ ముఖం గళ్లు గళ్లుగా వచ్చి, మెల్లగా కుదురుకుంది.

మహాదేవమ్మ లేచి వచ్చి అతని వెనక నిలబడింది. చీర కొంగు కుర్చీని తాకింది. ఆ చప్పుడుకు సదాశివ వీపు నిటారుగా అయింది. ఆ జాగాలో నిలబడేది తాను. ఇప్పుడు ముందు కూర్చున్నదీ తానే.

"మొకం ఏది తమ్మీ? గీ కండ్లు అడ్డమున్నయి. ఆమె మొకం మీద వడ్డయి. జర అవుతలికి జరుపు."

నిజమే. పైమూలనున్న కళ్లు శరణమ్మ నుదుటినీ విభూతినీ కప్పేస్తున్నాయి. అన్నిటికంటే పైనే ఉండేటట్టు పెట్టింది శ్యామల. సదాశివ వాటిని ఎన్నడూ కదిలించలేదు. ఫోటోనే కిందికి జరుపుదామా అనుకున్నాడు. కానీ ముఖం కోసం మనిషి వచ్చి నిలబడితే, ముఖాన్ని జరగమనడం ఏం మర్యాద? ఆల్ట్ మీట నొక్కిపట్టి, బాణంతో కళ్లను పట్టుకుని, ఎడమవైపుకు లాగాడు.

కళ్లు జరిగాయి. శరణమ్మ నుదుటి మీద కళ్లు అలాగే ఉన్నాయి.

అతను మళ్లీ లాగాడు. ఒక జత పక్కకు వచ్చింది. అక్కడ ఇంకో జత ఉంది. దాన్ని లాగాడు. దాని కింద ఇంకోటి. తేనెతుట్టె కదిలినట్టు, ఒకదాని కిందనుంచి ఒకటి వస్తూనే ఉన్నాయి. తెర ఎడమవైపంతా కళ్లు పరుచుకున్నాయి. బాణం పైకి పోతే అన్నీ పైకి చూశాయి, కిందికి వస్తే అన్నీ కిందికి చూశాయి. మూలన మాత్రం కళ్లు తరగలేదు.

"ఓ శివా," అంది మహాదేవమ్మ. "జాతరల మందోలె జూస్తున్నయి గద తమ్మీ. ఎవ్వలివి గీ కండ్లు?"

సదాశివ చేయి మౌసు మీద ఆగిపోయింది. అన్ని కళ్లూ ఒక్కచోటికే చూస్తూ నిలబడ్డాయి.

నిన్నటివి. మొన్నటివి. అంతకు ముందటివి. రోజూ సాయంత్రం అతను గుర్తుపెట్టుకోమని చెప్పాడు. మిషన్ గుర్తుపెట్టుకుంది. ఆ పొద్దున శ్యామల లేచి వచ్చిన తర్వాత అతను తెరిచిన ప్రతి రోజునూ, ఏదీ పారేయకుండా, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చింది. పైనుంచి చూస్తే ఒక్క జతే. దాని కింద ఇంతమంది కూర్చుని, బాణం కదిలినప్పుడల్లా అందరూ కలిసి తిరగాలి. ఇంకెవరైనా లోపలికి రావాలంటే జాగా ఎక్కడుంది?

పాపం, చెప్పినట్టే చేసింది. దీన్ని తాను పొద్దున్నించి తిడుతున్నాడు.

"మావేనక్కా," అన్నాడు.

ఒక జతను ఎంచుకుని, ఆల్ట్ పట్టి ఎఫ్ నాలుగు నొక్కాడు. అది పోయింది. ఇంకోటి. అన్నీ ఒక్కసారే తీసేసే ఆజ్ఞ ఏదో ఉంటుందని అతనికి తెలుసు. శ్యామల ఎప్పుడో చూపించింది కూడా. కానీ ఆ దారి తొక్కలేదు. ఒక్కొక్కటే నొక్కుతూ పోయాడు. మొదట్లో ప్రతిదానికీ మిషన్ ఆలోచించి ఆలోచించి వదిలింది. తర్వాత తర్వాత, గట్టి ముడి వదులైనట్టు, నొక్కగానే వదలసాగింది. ఫ్యాను రొద తగ్గింది. అది ఆగాకగానీ ఇన్నాళ్లూ ఎంత రొద ఉందో తెలియలేదు. బయట కండక్టర్ బీదర్, బీదర్ అని అరవడం లోపలికి వినపడింది.

మహాదేవమ్మ రొట్టె మూట విప్పి, సగం అతని పక్కన పెట్టింది. అతని చేతిని చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి అంది, "అన్ని తీసేస్తవా తమ్మీ?"

"ఒక్కటుంచుత."

"ఉంచు. మా ఇంట్ల గూడ ఆమె రొట్టెల పెనం ఉంచిన. మిగిలినయి ఆడోళ్లకు పంచిపెట్టిన."

ఒక్క జత మిగిలింది. దాన్ని పత్రిక అంచుకు, ఖాళీగా ఉన్నచోటికి జరిపాడు. శరణమ్మ ముఖం పూర్తిగా కనపడింది. కన్నడం కిటికీ నొక్కాడు. నొక్కీ నొక్కకముందే తెరుచుకుంది. అంత తొందరగా వచ్చేసరికి అతను చేయి వెనక్కి తీసుకున్నాడు.

సాయంత్రానికి తెలుగు వైపంతా అయింది. కన్నడంలో హుమ్నాబాద్ మఠం పేరూ, ఇద్దరు చుట్టాల పేర్లూ ఎలా రాయాలో అడగడానికి మహాదేవమ్మ ఫోను చేసింది. వాళ్లు పొలంలో ఉన్నారు, పొద్దున చెబుతామన్నారు. అచ్చు ప్రెస్సుకు పొద్దున ఇస్తే మధ్యాహ్నం బస్సుకు అందుతుంది. "రేపు మిషన్ నడుస్తదా?" అని ఆమె మెట్టు మీద ఆగి అడిగింది. "నడుస్తదక్కా," అన్నాడు సదాశివ. అలా అన్న తర్వాత దాని బరువు తెలిసింది.

రితేష్ ఫార్మాట్ సామానుతో వచ్చి, మిషన్ పరుగు చూసి, నోరు తెరిచాడు. జరిగిందంతా విని పగలబడి నవ్వాడు. మళ్లీ, ఎందుకో తనే ఆపుకున్నాడు.

"ఒక్కటుంచి ఆపి లేపుదాం సార్, చూద్దాం," అన్నాడు. టిక్కు అలాగే ఉంచి ఆపారు, లేపారు. మూలన కళ్లు వచ్చాయి. సదాశివ ఆల్ట్ పట్టి లాగాడు. కింద ఇంకో జత ఉంది.

"పెరుగుతున్నయి," అన్నాడు రితేష్. "ఒక్కటుంచితే రెండు, రెండుంచితే మూడు. ఈ గుర్తు పెట్టుకునుడే దీనికి బీమారి. టిక్కు తియ్యాలె. తీస్తే సాలదు, దాచిపెట్టింది గూడ తుడ్వాలె. లేకుంటే దాచిందే మళ్ల మళ్ల తెస్తది." సెట్టింగుల్లో వెతికి ఆ బటన్ చూపించాడు. దాచుకున్నవన్నీ తుడిచెయ్యి అని ఉంది.

"తుడిస్తే రేపు?"

"ఖాళీగ లేస్తది సార్. కొత్త మిషనోలె." రితేష్ మౌసు అందుకోబోయాడు.

"నేను నొక్కుత."

రితేష్ చేయి తీసేసి, టీ చెప్పొస్తానని బయటికి పోయాడు. టీ బండి ఎదురుగానే ఉంది, ఇక్కడినుంచి కేక వేస్తే వినపడుతుంది. అయినా రోడ్డు దాటి పోయాడు. బండి దగ్గర ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు.

సదాశివ బాణాన్ని బటన్ మీదికి తెచ్చాడు. రెండు జతల కళ్లూ అక్కడికే చూశాయి. నొక్కాడు. తుడిచినవి తిరిగి రావు, నిజంగానేనా అని మిషన్ అడిగింది. అవునని నొక్కాడు. తర్వాత ఆపు అన్నాడు. చిన్నపెట్టె వచ్చింది. గడిలో టిక్కు ఉంది. బాణంతో ఒక్కసారి తాకితే గడి ఖాళీ అయింది. ఇన్నాళ్లూ చూసిన గడి, ఖాళీగా ఇంత చిన్నదని అనుకోలేదు.

కళ్లు ఆ ఖాళీ గడినే చూస్తుండగా తెర ఆరిపోయింది.

ఆదివారం అతను టీకి పోలేదు. షటరు ఎత్తి, మెట్టు ఊడ్చి, బటన్ నొక్కి, అక్కడే నిలబడ్డాడు. స్టూలు మీద కూడా కూర్చోలేదు. తెర వెలిగింది. ఉత్త నల్లరంగు. ఏ కిటికీ లేదు, ఏ పత్రికా లేదు. నడుముకు రెండు చేతులు ఆనించుకుని, చూడాల్సింది చూసినవాడిలా తల ఊపుకుని, పత్రిక తెరుద్దామని ముందుకు వంగాడు.

పైమూలన రెండు కళ్లు వచ్చాయి.

తొందరేం లేనట్టు, అన్నిటికంటే ఆఖరున వచ్చి, తమ జాగాలో కూర్చుని, తెర మధ్యలో ఉన్న బాణాన్ని చూశాయి. సదాశివ ఆల్ట్ పట్టి మెల్లగా లాగాడు. కింద ఏమీ లేదు. ఒక్కటే జత. మళ్లీ తెచ్చి మూలనే పెట్టాడు.

అప్పుడు గుర్తొచ్చింది, కళ్లు వచ్చిన తర్వాత కూడా ఆమె టైపు చేస్తూ కూర్చోవడం. జర దీనికి బుద్ధి చెప్తున్న. పొద్దున లేవగానే వీటిని పిలవమని మిషన్‌కు అప్పుడే చెప్పి పెట్టింది. అందుకే రోజూ ఒక కొత్త జత వచ్చేది, అతను దాచిపెట్టిన పాతవాటి మీద కూర్చునేది. అతను టిక్కు పెట్టినా వచ్చేవే, పెట్టకపోయినా వచ్చేవే. పట్టుకుని ఉంచాల్సిన పని అతనికి ఆమె పెట్టనే లేదు.

కుర్చీ వెనకభాగం పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. జొన్నకంకుల మీద పిట్టల ఫోటో వెతికి, నల్లరంగు తీసేసి, మళ్లీ వెనక పెట్టాడు. మిషన్ ఏమీ అనలేదు.

మహాదేవమ్మ వచ్చింది. పేర్లు ఫోనులోనే చెప్పించింది, అతను కన్నడంలో కొట్టాడు. హుమ్నాబాద్ ఆయన మఠం పేరు రెండుసార్లు దిద్దించాడు. పత్రిక ముగిసింది. ప్రెస్సుకు పంపేముందు ఒకసారి చూసుకోమని సదాశివ తెరను ఆమె వైపు తిప్పాడు.

ఆమె వంగి చూసింది. కళ్లు చికిలించింది. అక్షరాలన్నీ ఆమెకు చీమల బారులా ఉన్నాయి. చదువు పెద్దగా లేదు, పేరు గుర్తుపట్టేంత ఉంది.

"ఏడున్నది తమ్మీ ఆమె పేరు?"

సదాశివ కుర్చీలో పక్కకు జరిగి, బాణాన్ని ఒక లైను కిందికి తెచ్చి ఆపాడు.

"అగో, ఆ కండ్లు ఎటు జూస్తున్నయో నువ్వటు జూడక్కా," అన్నాడు.

మహాదేవమ్మ ముందు కళ్లను చూసింది. అవి చూస్తున్న వాలులోనే తన చూపుడువేలును తెర మీద మెల్లగా కిందికి దించింది. బసవన్న బొమ్మ, లింగం, తేదీ, ఏవేవో దాటింది. ఒకచోట వేలు ఆగింది.

"శ-ర-ణ-మ్మ," అని కూడబలుక్కుంది. వేలు అక్కడే ఉంచి, ఇంకోసారి చదివింది.